కల్లంపేటను లేపే గొంతు

కల్లంపేటలో అలారం గడియారం కొన్నవాళ్లు లేరు. పెళ్లిళ్లలో కానుకలుగా వచ్చినవి కూడా అటకెక్కి కూర్చున్నాయి. కొండమ్మ ఉండగా వాటి మొహం చూసేదెవరు? మిరపకోతల రోజుల్లో, కోళ్లు ఇంకా గంప కింద ముడుచుకుని ఉండగానే, ఆవిడ కాలవ గట్టు మీది తన ఇంట్లోంచి బయటికొచ్చి, సందు మొదట్లో నిలబడి, కొంగు నడుముకి దోపుకుని ఒక్క కేక వేస్తుంది.

"సాజిదా! లేచావా? ఏమ్మే, నిన్నే!"

ఆ కేకకు సాజిదా లేస్తుంది. ఆమె మొగుడు లేస్తాడు, అత్త చాంద్‌బీ లేస్తుంది, ఎదురింటి పసిపిల్ల లేచి ఏడుపు మొదలుపెడుతుంది. ఆ కేక గుంటూరు మిరప యార్డు దాకా వినబడుతుందని పేటలో గొప్పగా చెప్పుకుంటారు. అది అబద్ధం. యార్డుకి ఇవతలున్న రైలు గేటు దాకా మాత్రం వినబడుతుంది, గేటు దగ్గరి మనిషే ఒట్టేసి చెప్పాడు.

కొండమ్మ ముఠా మేస్త్రి. అంటే పేటలోని ఆడవాళ్లను పోగుచేసి, రైతుతో మాట్లాడుకుని, ఆటోల్లో ఎక్కించి, కాయకోతకి తీసుకుపోయే మనిషి. కోతలు లేనప్పుడు పత్తితీత, అదీ అయిపోతే గోడౌన్లలో తొడిమలు తుంచడం, తాలు కాయలు ఏరడం. మనిషి పొట్టి. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుంటే వెనకనుంచి చూసినవాళ్లు ఎవరో కుర్రాడనుకుంటారు. మొగుడు ప్రేమదాసు యార్డులో బస్తాలు మోసి మోసి, నడుం పట్టేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన మాట్లాడడం తక్కువ. ఆ ఇంటికి వచ్చిన మాటలన్నీ కొండమ్మే వాడేసుకుంటుందనీ, ఆయన వంతుకి మిగలడం లేదనీ పేటవాళ్ల వేళాకోళం.

ఈ ముఠాకి ఒక కట్టడి ఉంది. మేస్త్రి పిలిస్తే ఏ చేను అని అడగకూడదు. కొండమ్మ అత్త మేస్త్రీగా ఉన్న రోజుల్లో పెట్టిన కట్టడి అది. అడగనిస్తే ఏమవుతుంది? ఆ రైతు టీ పోయించడు, నేను రాను. ఆ చేలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, నేను రాను. ఆ గట్టు మీద కిందటేడు పాము కనబడింది, నేనసలే రాను. ఇలా ఒక్కొక్కరు ఒక్కో వంక పెడితే పొద్దెక్కేసరికి ముఠాలో మేస్త్రీ ఒక్కతే మిగులుతుంది. అందుకని చేను చూసుకోవడం మేస్త్రి పని, క్యారేజీ పట్టుకుని రావడం మిగతావాళ్ల పని. దానికి బదులుగా మేస్త్రి నెత్తిన ఒక పూచీ ఉంది. ఎవరిని ఏ గుమ్మంలోంచి పిలిచిందో, సాయంత్రం వాళ్లను ఆ గుమ్మంలోనే దించాలి. రోడ్డు మీద దించేసి పోవడం కుదరదు. ఆటో సందులోకి రాకపోతే తను దిగి, వెంట నడిచి, ఆ మనిషి గడప దాటాక వెనక్కి తిరగాలి. కొండమ్మ అందరినీ దించాక, చివరిగా ఒక్కతే కాలవ గట్టెక్కి ఇంటికి పోతుంది. ఇన్నేళ్లలో ఈ పద్ధతి తప్పలేదు. వర్షంలో తప్పలేదు, ఆవిడకి జ్వరం వచ్చిన రోజుల్లోనూ తప్పలేదు.

ఇక పేట సంగతి చెప్పాలి. ఒకప్పుడు అదంతా షావుకార్ల కల్లం. ఎకరాల కొద్దీ నేల మీద మిరపకాయలు ఆరబోసేవారు. కాయలు తిరగేయడానికి పల్లెల నుంచి వచ్చిన కూలీలు కుప్పల మధ్య మిగిలిన జాగాలో గుడిసెలు వేసుకున్నారు. కుప్పలు పోయాయి, గుడిసెలు మిద్దెలయ్యాయి, సందులు మాత్రం పాత కుప్పల చుట్టూ ఎలా తిరిగాయో ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాయి. కొత్తగా వచ్చిన మనిషి లోపలికి పోతే మూడు మలుపులు తిరిగి మళ్లీ చర్చి ముందుకే వచ్చి నిలబడతాడు. రేకుల చర్చి, దాని వెనక పచ్చజెండా కట్టిన చిన్న దర్గా, ఆ పక్కన రామమూర్తి మాస్టారి పెంకుటిల్లు, దాని ముందు తులసికోట. ఇంతకన్నా చెప్పుకోదగ్గ కట్టడం ఏదీ లేదు. కానీ పేటలో పుట్టిన పిల్లలకి మిరప ఘాటుకి తుమ్ము రాదు. పక్క పేటలవాళ్లు నమ్మకపోతే పోనీండి, ఇది మాత్రం నిజం.

రామమూర్తి మాస్టారికీ కొండమ్మకీ ఒక పాత తగవుంది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. బతుకంతా పిల్లల అరుపులు విన్నవాడు, ఇంటి దగ్గరైనా నిశ్శబ్దం కావాలనుకోవడంలో తప్పులేదు. వచ్చిన కొత్తలో పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, "ఆవిడ గొంతు కాస్త తగ్గించమని చెప్పండి, తెల్లారగట్ల గుండె ఆగినంత పనవుతోంది" అని మొరపెట్టుకున్నాడు. కొండమ్మ ఆ మాట విని నవ్వలేదు, తిట్టలేదు. ఆ మర్నాటి నుంచి మాస్టారి గేటు ముందు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా నడిచి, గేటు దాటాక మళ్లీ కేక అందుకునేది. చదువు చెప్పే మనిషంటే ఆవిడకి అంత గౌరవం. అయితే గేటు దాటి నాలుగడుగులు వేశాక వేసే కేక గేటు ముందు వేసిన దానికన్నా ఎందులో తక్కువో ఆవిడకీ తెలియదు, మాస్టారూ అడగలేదు.

పేట ఇలా ఉండగా, పక్కనున్న చింతలదొడ్డి పోయింది. నాలుగు వీధుల బస్తీ. యార్డుకి వచ్చే లారీలు నిలపడానికి స్థలం కావాలన్నారు. మీటింగు పెట్టారు, ఎవరూ పోలేదు. కాగితం అంటించారు, ఎవరూ చదవలేదు. ఒకరోజు పొక్లెయిన్లు వచ్చాయి. కల్లంపేట జనం గట్టు మీద వరసగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, సినిమా చూసినట్టు చూశారు. కొండమ్మ కూడా ఆ వరసలో ఉంది. చింతలదొడ్డిలోంచి ముఠాకి వచ్చే ఆడవాళ్లను ఆవిడ ఇరవై ఏళ్లు పేర్లు పెట్టి పిలిచింది. ఇప్పుడు వాళ్లు ఊరి చివర కాలనీకి పోయారు, అక్కణ్ణుంచి ఎవరి పనికి పోతున్నారో కూడా తెలియదు. లారీలు మాత్రం బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కనుంచి నడిచేటప్పుడల్లా కొండమ్మకి నోటిదాకా కొన్ని పేర్లు వచ్చి ఆగిపోయేవి.

తర్వాతి చలికాలంలో కల్లంపేట గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. యార్డు నుంచి బైపాస్‌కి కొత్త రోడ్డట. అది చర్చి పక్కనుంచి దూరి, దర్గాని రాసుకుంటూ, పేటని నడిమికి రెండుగా కోసుకుంటూ పోతుందట. మిగిలిన రెండు ముక్కలు కూడా గోడౌన్లకి పనికొస్తాయని అప్పుడే ఎవరో లెక్కలేసుకుంటున్నారని వినికిడి. కొండమ్మ ఇల్లు గట్టు మీద ఓ మూలకుంది కాబట్టి దానికి గుర్తు పడలేదు. గుర్తులన్నీ ఆవిడ పిలిచే గుమ్మాల మీదే పడ్డాయి.

మరి పేట అట్టుడికిపోయిందా? లేదు. పంపు దగ్గర బిందె వరస తప్పితే జుట్టుజుట్టు పట్టుకునే జనం, ఇళ్లు పోతాయంటే ఆవులించారు.

"ఎప్పుడో అయ్యే పనిలే అక్కా, మన పిల్లల కాలానికి చూద్దాం" అంది సాజిదా.

"గవర్నమెంటోళ్ల పని. మనం వద్దంటే ఆగుద్దా?" అన్నాడు జయరావు. ఈయన కండువా వేసుకుని తిరిగే పేట పెద్ద. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ కండువా.

"మా గోడకి గుర్తు పడలేదుగా" అన్నారు కొందరు. "మా గోడకి సగమే పడింది" అన్నారు ఇంకొందరు, ఆ సగమే అదృష్టమైనట్టు.

కొండమ్మ మాస్టారి గేటు తట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నేను రిటైరైపోయానమ్మా, ఈ గొడవలన్నీ నాకెందుకు?" అని తలుపు నెమ్మదిగా వేసుకున్నాడు. ఆ నెమ్మదితనం చూసి ఆవిడకి ఒళ్లు మండింది.

మున్సిపల్ స్కూల్లో మీటింగు పెట్టారు. అభ్యంతరాలు ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చన్నారు. కొండమ్మ పని మానుకుని, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, తల దువ్వుకుని వెళ్లింది. హాలు నిండా కుర్చీలు. బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ, చిన్న వయసు, పక్కన ఇద్దరు గుమాస్తాలు. కుర్చీల్లో కూర్చున్నది మాత్రం కొండమ్మ ఒక్కతే. టీ తెచ్చిన కుర్రాడు అన్ని గ్లాసులు ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"చెప్పండమ్మా" అంటూ ఆఫీసరమ్మ మైకు ముందుకు జరిపింది.

రైలు గేటు దాకా వినబడే గొంతు ఆ రోజు మైకు పెట్టినా మొదటి వరస దాటలేదు. "మా పేట ఉంచండి మేడమ్" అంది. ఖాళీ కుర్చీలు చూసి నాలుక మడత పడిపోయింది.

"మిగతావాళ్లు ఎవరూ రాలేదే? అంటే అభ్యంతరం లేనట్టేగా?"

"పనులకి పోయారండి."

ఆఫీసరమ్మ చెడ్డమనిషి కాదు. "ఇంకొక్కసారి పెడతాను. ఆ రోజు కూడా ఎవరూ రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టే రాసుకోవాల్సొస్తుంది. నా చేతుల్లో ఇంతే ఉంది" అంది.

ఆ తర్వాత కొండమ్మ రోజూ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. కూర్చోబెట్టి బతిమాలింది, గడ్డం పట్టుకుంది. అందరూ తల ఊపారు. "తప్పకుండా వస్తాం వదినా" అన్నారు. ఆ "తప్పకుండా" ఎలాంటిదో ఆవిడకి తెలుసు. పండక్కి చందా ఇస్తామన్నప్పుడూ అదే మాట అంటారు. మీటింగు ముందురోజు పొద్దుగూకే వేళ ఇంటికొచ్చి, గుమ్మంలో కూలబడి, "ఒక్కరూ రారయ్యా" అంది మొగుడితో.

ప్రేమదాసు వెల్లుల్లి పాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "నువ్వు అడుగుతున్నావు. నీకు అడగడం ఎప్పుడొచ్చింది? నీకు వచ్చింది పిలవడం."

ఇన్నేళ్లు ఆయన మాటలు దాచుకున్నది ఈ ఒక్కదాని కోసమేనా అనిపించింది కొండమ్మకి. లేచి మొహం కడుక్కుని, ముఠాని రోజూ తీసుకుపోయే ఆటో మాలిక్‌కి కబురు చేసి, అతనితో పాటు మరో మూడు ఆటోలు మాట్లాడింది.

తెల్లవారుజామున కల్లంపేట ఎప్పటిలా అదిరిపడి లేచింది.

"సాజిదా! లేచావా? పని ఉంది, రా! శాంతమ్మా! కుమారీ! ఏమ్మే చాంద్‌బీ, నువ్వు కూడా రావే!"

చాంద్‌బీ కోతలు మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్లు పనిచేయవు. అయినా పేరు పెట్టి పిలిస్తే ముసలిదాని రక్తం ఊరుకోలేదు, కర్ర అందుకుంది. కొండమ్మ ఆ రోజు ముఠావాళ్లను మాత్రమే పిలవలేదు. గుర్తు పడిన ప్రతి గుమ్మాన్నీ పిలిచింది, గుర్తు పడని గుమ్మాన్నీ పిలిచింది. మగవాళ్లను కూడా పిలిచింది, ప్రేమదాసునీ వదల్లేదు. మాస్టారి గేటు దగ్గరికొచ్చేసరికి అలవాటుకొద్దీ చెప్పులు విప్పబోయి, ఆగింది. చెప్పులు కాళ్లకే ఉంచుకుని, గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని, గుండెల్నిండా గాలి పీల్చుకుంది.

"మాస్టారూ! లేచారా? పని ఉంది, రండి!"

తులసికోట మీది పిచ్చుకలు లేచిపోయాయి. మాస్టారు భుజాన తువ్వాలుతో, చేతిలో బ్రష్షుతో బయటికొచ్చాడు. ఏదో అనబోయాడు. అప్పటికే సందులో ఆడవాళ్లు చొక్కాలు తొడుక్కుని, తలగుడ్డలు బిగించి, క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఏ చేను అని అడగడం లేదు. ఇన్నేళ్లుగా దుప్పటి కిందనుంచి ఆ కట్టడి వింటున్నవాడే ఆయన. బ్రష్షు గూట్లో పెట్టి, చొక్కా వేసుకుని వచ్చి ఆటోలో ముందు కూర్చున్నాడు.

ఆటోలు ఊరి బయటికి పోకుండా మున్సిపల్ స్కూలు గేటు ముందు ఆగేసరికి మొదలైంది గోల.

"ఇదేంది అక్కా? చేను ఏది?"

"ఇవాళ్టి మన చేను ఇదే. దిగండి."

"ఒక రోజు పని చెడగొట్టావు కదే! ముందే చెప్పొచ్చుగా!" సాజిదా మీదమీదకొచ్చింది.

"నెలంతా చెప్పాను, విన్నావా? ఇవాళ పిలిచాను, వచ్చావు. పిలిచాక వచ్చిన మనిషి పని అయ్యేదాకా చేను వదిలి పోకూడదు. పో, ఆ వేపచెట్టు కింద కూర్చుని అన్నం తిను."

తిట్టుకుంటూనే కూర్చున్నారు. ఎవరూ వెళ్లిపోలేదు. అదీ ముఠా అంటే! మీటింగు వేళకి స్కూలు ఆవరణలో గోంగూర పచ్చడి వాసన, చెట్టు కింద చాంద్‌బీ కునుకు, మాస్టారి చేతిలో ఎవరో ఇచ్చిన ఇడ్లీ పొట్లం. జయరావు ఆ జనాన్ని దూరంనుంచి చూసి, గబగబా ఇంటికి పోయి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ముందు వరసలో మధ్య కుర్చీ పట్టేశాడు.

ఆఫీసరమ్మ లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కుర్చీలన్నీ నిండాయి. కిటికీలు నిండాయి. "ఉక్కగా ఉంది, ఫ్యాన్లు వేయండి" అంది. వేశారు. ఆ చొక్కాలు కోతలు మొదలైనప్పటి నుంచి ఉతకనివి, వాటి నిండా మిరప దుమ్ము. ఫ్యాన్ గాలికి అది లేచింది. గుమాస్తా తుమ్మాడు. రెండో గుమాస్తా తుమ్మాడు. ఆఫీసరమ్మ పైట మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లతో ఆపకుండా తుమ్మింది. కల్లంపేటవాళ్లు ఒక్కరూ తుమ్మలేదు. జాలిగా చూస్తూ కూర్చున్నారు.

ఫ్యాన్లు ఆపి, నీళ్లు తాగాక, ఎవరు మాట్లాడతారని అడిగారు. జయరావు గొంతు సవరించుకుని నీళ్లు నమిలాడు. సాజిదా గోళ్లు చూసుకుంది. మళ్లీ అదే అవుతుందేమో అనుకుంది కొండమ్మ. కానీ ఈసారి ఆవిడ ఎదురుగా ఉన్నవి ఖాళీ కుర్చీలు కావు, తన ముఠా. పొద్దున్నే చేను గట్టు మీద నిలబడి ఎవరి సాలు, అంటే ఎవరు కోయాల్సిన మొక్కల వరస, వాళ్లకి పంచడం ఆవిడకి అన్నం తిన్నంత అలవాటు. లేచి నిలబడింది.

"సాజిదా! మొదటి సాలు నీది. పట్టు!"

ఆ గొంతుకి సాజిదా ఒళ్లు దానంతటదే లేచింది. లేచాక ఏం చేస్తుంది, మాట్లాడింది. అత్త ఎత్తలేని చంటిపిల్లను పక్కింట్లో పడేసి నిశ్చింతగా పనికి పోతాననీ, కాలనీలో ఎవరి మొహం చూసి పడేయాలనీ అంది. "చాంద్‌బీ, నీ సాలు!" ముసలావిడ కర్ర ఊతంగా లేచి, ఈ గోడల కింది నేల మీద మిరపకాయలు తిరగేస్తుంటేనే తనకి నొప్పులొచ్చాయనీ, కుప్ప చాటున కొడుకుని కన్నాననీ, మంత్రసానిగా వచ్చింది కొండమ్మ అత్తేననీ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ పెద్ద మాటలు చెప్పలేదు. ఎవరి సాల్లో ఉన్న కాయలు వాళ్లు కోసుకుంటూ పోయారు.

చివరికి కొండమ్మ మాస్టారి వైపు చూసింది. పిలవలేదు. ఆయనే లేచాడు.

"మేడమ్, ఆ సందుల్లో అంబులెన్స్ తిరగదు. అది నిజం, నేను ఒప్పుకుంటాను" అన్నాడు. ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. "మా ఆవిడ రాజరాజేశ్వరికి గుండెనొప్పి వచ్చిన రోజు కూడా తిరగలేదు. అప్పుడు ఈవిడ కేకేసింది. నేను వద్దన్నాక, ఇవాళ్టి దాకా నా గేటు ముందు నిలబడి వేసిన కేక అదొక్కటే. వీళ్లంతా వచ్చి నులకమంచం మీద పెట్టి మెయిన్‌రోడ్డు దాకా పరిగెత్తారు. మా ఆవిడ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. నేను వీళ్లకి కనీసం దండం పెట్టలేదు. వెడల్పు రోడ్డు మీద అంబులెన్స్ వస్తుంది, సరే. మంచం మోసే చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి?" ఆయన కూర్చున్నాక పక్కనున్న సాజిదా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మాట్లాడింది కొండమ్మ. మైకు అక్కర్లేకపోయింది.

"మేడమ్, నేను మేస్త్రీని. ఏ గుమ్మంలోంచి పిలిచిన మనిషిని ఆ గుమ్మంలో దించాలి. అది నా పూచీ. పక్క చింతలదొడ్డి వాళ్ల గుమ్మాలు పోయాయి, నేను నోరెత్తలేదు. ఇప్పుడు వీళ్లయ్యి కూడా పీకేస్తే, సాయంత్రం వీళ్లని తీసుకొచ్చి ఎక్కడ దించమంటారు? లారీల మధ్యనా?"

ఆఫీసరమ్మ చాలాసేపు మ్యాపు చూసింది. రోడ్డు ఆపడం తన వల్ల కాదంది. అయితే కాలవ గట్టు వెంబడి తిప్పితే పేట జోలికి పోకుండా పోవచ్చనీ, పై వాళ్లకి రాస్తాననీ అంది. "కాకపోతే గట్టు మీదున్నవి పోతాయి. అక్కడ ఎవరుంటారు?"

గట్టు మీద ఉన్నవి తలుపులూడిన రెండు పాత గోడౌన్లు, కొండమ్మ ఇల్లు.

కొండమ్మ వెనక్కి తిరిగి ప్రేమదాసుని చూసింది. ఆయన నడుం పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. తల ఊపాడు.

"మేముంటాం. నా సాలు నేను కోసుకుంటాలే మేడమ్. మీరు తిప్పండి" అంది.

ఇలాంటి మనుషులు మన చుట్టూ తిరుగుతూనే ఉంటారు, మనమే దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాం. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లు మాత్రం మెలకువగానే ఉన్నారు.

సర్వే వాళ్లు మళ్లీ వచ్చారు. గట్టు మీద గుర్తులు పడ్డాయి, పేట గోడల మీది ఎర్ర రంగు మీద జనమే సున్నం కొట్టుకున్నారు. కొండమ్మ వాళ్లకి ఊరి చివర కాలనీలో ఇల్లిస్తామన్నారు. ఆవిడ సరే అంది. అక్కణ్ణుంచి తెల్లారగట్ల వచ్చి కేక వేయడం ఎలాగని రాత్రింబగళ్లు ఆలోచించింది గానీ పైకి అనలేదు. ఆ కోతల చివరి వారంలో ఇల్లు కూల్చే రోజు రానే వచ్చింది. ఉండి చూడలేక ముఠాని పిలుచుకుని చేనుకి పోయింది. సామాను చూసుకుంటానని ప్రేమదాసు ఉండిపోయాడు.

సాయంత్రం ఆటోలు పేటలోకి తిరిగొచ్చాయి. సాజిదా ఇంటి ముందు ఆగితే సాజిదా దిగలేదు.

"ఏమ్మే, దిగు."

"ఇవాళ ముందు నువ్వు దిగాలక్కా" అంది. మిగతావాళ్లు కూడా కదల్లేదు.

"నాకు గుమ్మమేదీ దిగడానికి? పొద్దున్నే పోయింది కదే" అని నవ్వబోయింది కొండమ్మ. నవ్వు రాలేదు.

ఆటో మాలిక్ మలుపు తిప్పి మాస్టారి గేటు ముందు ఆపాడు. పెంకుటింటి వీధివైపు గదికి ఎప్పుడూ లేని కొత్త వాకిలి కనబడింది. గోడ పగలగొట్టి, ఇటుకలు సర్ది, సిమెంటు ఇంకా తడిగా ఉన్న ఆ వాకిలికి బిగించింది కొత్త చెక్క కాదు. వేపచెక్క ద్వారబంధం, అడుగున అరిగిన గడప, పక్కన కొండమ్మ అత్త మేకుతో గీసుకున్న శిలువ గుర్తు. పొక్లెయిన్ రాకముందే పేట మగవాళ్లు గట్టు మీది ఇంటికి పోయి దాన్ని పగలకుండా పీకి, మోసుకొచ్చారు. మాస్టారు చేతులకి సిమెంటుతో, పంచె ఎగ్గట్టి, పక్కన నిలబడి ఉన్నాడు. ప్రేమదాసు లోపల మంచం వాలుస్తున్నాడు.

"మేస్త్రి పిలిచిన గుమ్మంలోనే దించాలి కదమ్మా. నిన్ను మాత్రం వదిలేస్తామా?" అన్నాడు మాస్టారు. "రేపటినుంచి కేక ఇక్కణ్ణుంచే. నాకేం అభ్యంతరం లేదు."

ముఠా అంతా దిగింది. కొండమ్మ గడప ముందు నిలబడింది. వంగి అరిగిన చోట చెయ్యి వేసింది. లేచి ద్వారబంధాన్ని కిందనుంచి పైదాకా చూసింది. కళ్లల్లో నీళ్లు దాచుకోలేదు, తుడుచుకోనూ లేదు. తర్వాత గుండెల్నిండా గాలి పీల్చుకుంది.

"ఎవడ్రా ఈ గుమ్మం వంకరగా పెట్టింది?"

రైలు గేటు దగ్గరి మనిషి ఇటు తిరిగి చూశాడట. మాస్టారు సిమెంటు చేతుల్ని వెనక దాచుకుని, "నేనేనమ్మా" అన్నాడు. సందు సందంతా నవ్వింది. కొండమ్మ చెప్పులు విప్పి, కుడికాలు ముందుపెట్టి గడప దాటింది. ఆవిడ లోపలికి పోయేదాకా నిలబడి, అప్పుడు ఎవరి గుమ్మాలకి వాళ్లు మళ్లారు.